నాన్న వెల్డింగు

స్టాన్‌హోప్,
9 ఫిబ్రవరి 1983, బుధవారం

నార్మన్ అన్నయ్యకి,

'ప్రియమైన' అని రాద్దామని కలం పెట్టాను, చెయ్యి రాలేదు. లేకుండానే సర్దుకో.

ఫోన్ చేస్తే మూడుసార్లూ బెరిల్ వదినే తీసింది. "స్నానం చేస్తున్నాడు డొరీన్" అంది శనివారం సాయంత్రం. ఆదివారమూ స్నానమే, సోమవారమూ స్నానమే. ఒంటికి అంత మురికి పట్టిందా? మా వీధి చివర ఫోన్ డబ్బాలో నిలబడి నిలబడి కాళ్ళు కొయ్యబారాయి. ఇక ఉత్తరమే గతి. ఉత్తరమైతే నువ్వు మధ్యలో పెట్టెయ్యలేవు.

శనివారం ఏం చేశావో గుర్తు చెయ్యనా? ఎమ్మోటీ గడువు ఇంకా మూడు వారాలుంది. ఆ పరీక్ష కాగితం లేకుండా బండి రోడ్డెక్కకూడదు, బండి లేకపోతే నాకు ఉద్యోగం లేదు. ఈ లోయలో ఏడుగురు ముసలివాళ్ళు నేను వెళ్ళి పొయ్యి వెలిగిస్తే గానీ టీ నీళ్ళు తాగరు. అందుకే ముందే బయల్దేరాను. పరాయివాళ్ళ దగ్గరికి ఎందుకు, పరీక్ష చేసేవాడు మా అన్నే కదా అని ముప్పై అయిదు మైళ్ళు వచ్చాను. వదినకి స్కోన్లు, ఆ తీపి బన్నులు కూడా చేసి తెచ్చాను.

నువ్వు నీ గ్యారేజీలో బండి కింది గుంతలోకి దిగావు. లైట్లు బాగున్నాయన్నావు, బ్రేకులు బాగున్నాయన్నావు. తర్వాత సుత్తి తీసి తలుపు కింది గడప మీద ఒకటి కొట్టావు. ఇంకోటి కొట్టావు. స్క్రూడ్రైవర్ పెట్టి కసిగా పొడిచావు. పొడిచి పొడిచి, లోపల్నుంచి ఏదో పీకి, నేను చూస్తున్నానని జేబులో కుక్కుకున్నావు. పైకొచ్చి నా ముఖం చూడకుండా, "ఇది రోడ్డెక్కదు" అన్నావు. ఎందుకెక్కదంటే "తుప్పు" అని ఒక్క మాట! పక్కన నీ మెకానిక్కులు ఇద్దరు, టైరు మార్పించుకోవడానికి వచ్చిన పాస్టరు గారు. నాకు తల కొట్టేసినట్టయింది. పైగా నా బండి తాళం నీ జేబులో వేసుకున్నావు. రెండు బస్సులు మారి ఇంటికొచ్చాను. సోమవారం నుంచి కొండెక్కి నడుస్తున్నాను. మిసెస్ ఆపిల్‌గార్త్ ఇల్లు లోయలో చిట్టచివరిది, ఎనభై నాలుగేళ్ళ మనిషి, నేను చేరేసరికి పదకొండైంది. అప్పటిదాకా చల్లటి పొయ్యి ముందు కోటు వేసుకుని కూర్చుంది.

ఆ గడపలు ఎవరు వెల్డింగ్ చేశారో తెలియనట్టు నటించకు. నాన్న! ఓడల యార్డులో నలభై నాలుగేళ్ళు చేసిన మనిషి. ఆయన అతికించిన ఓడలు ఇంకా సముద్రాల మీద తిరుగుతున్నాయి. ఆయన అతికించిన గడప నీ స్క్రూడ్రైవర్‌కి విరిగిందంటే నేను నమ్మాలా?

ఇంకో సంగతి. '80లో, '81లో, '82లో ఈ బండిని పాస్ చేసింది నువ్వే. మూడు కాగితాలూ నాన్న బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి, మూడింటి మీదా నీ సంతకమే. ఆయన పోయి మూడు నెలలు. మూడు నెలల్లో ఎంత తుప్పు పడుతుంది? బండి నాకిచ్చాడని నీ కడుపుమంట. అంతకంటే ఏమీ లేదు.

స్కోన్ల డబ్బా అక్కడే మర్చిపోయాను. అదీ పంపు, తాళమూ పంపు.

ఈ వారం నీ చెల్లెలినని చెప్పుకోవడం ఇష్టంలేని,
డొరీన్


సండర్లాండ్,
13 ఫిబ్రవరి, ఆదివారం

డొరీన్,

స్కోన్లు బాగున్నాయి. డబ్బా బెరిల్ కడిగి పెట్టింది.

నేను నీ బండిని ఫెయిల్ చెయ్యలేదు. బండే ఫెయిలైంది. రెండింటికీ తేడా ఉంది, అది నీకు అర్థం కావాలంటే కోపం దిగాలి, నీ కోపం దిగేసరికి ఈస్టర్ వస్తుంది.

చలికాలమంతా మీ కొండ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు ఇనుముని తినేస్తుంది. అంతకంటే వివరాలు నన్నడక్కు. నాన్న పేరు ఇందులోకి లాగకు. తాళం మాత్రం పంపను.

మా వీధిలో ఒకాయన చిన్న నీలం బండి అమ్ముతున్నాడు. కళ్ళు సరిగా కనపడక మానేశాడట. నేను కింద పడుకుని చూశాను, అంతా గట్టిగా ఉంది. అది నీకు ఇప్పిస్తాను. నాన్న మెరూన్ బండిని తుక్కుకి ఇచ్చేద్దాం.

పోటీకి పెంచే లీకు ఉల్లికాడలకి ఈసారి మొలకలు బాగా వచ్చాయి. పోయిన సెప్టెంబరులో క్లబ్బు పోటీలో మూడోవాణ్ణి అయ్యాను కదా, ఈ ఏడు చూడు. బెరిల్ తోటలోకి రానే రాదు. నేను ఆ మొక్కలతో మాట్లాడినన్ని మాటలు తనతో మాట్లాడనని అలిగింది.

నడిచేటప్పుడు మంచి బూట్లు వేసుకో.

నార్మన్


స్టాన్‌హోప్,
20 ఫిబ్రవరి, ఆదివారం

మహారాజశ్రీ పరీక్షాధికారి గారికి,

బండి నా దగ్గరే ఉంది!

శుక్రవారం నువ్వు పన్ను పీకించుకోవడానికి వెళ్ళావు కదా, అప్పుడొచ్చాను. తాళం టీ పొడి డబ్బాలో ఉందని వదిన కళ్ళతోనే చూపించింది. ఆవిణ్ణేమీ అనకు. "మీ అన్న రెండు వారాలుగా కుక్కలా తిరుగుతున్నాడు డొరీన్, ఏం జరిగిందో నాకూ చెప్పడు, ఎవరి బండి వాళ్ళు తీసుకుపోతే పీడా పోతుంది" అంది. మీ మెకానిక్కులు అడ్డొస్తారేమోనని భయపడ్డాను గానీ, పాపం, "మిసెస్ డొరీన్, పక్కకి తిప్పండి, ఆ స్తంభం చూసుకోండి" అని వాళ్ళే దారి చూపించారు.

దారిలో ఒక ఊళ్ళో రైలు వంతెన కింద షెడ్డులో ఒకాయన పరీక్షలు చేస్తాడు. నువ్వు పొడిచిన చిల్లు చూపించాను. "దీనికింత గొడవా తల్లీ" అని ఒక రేకు పెట్టి, తారు పూసి, నేను టీ తాగేలోపల పాస్ కాగితం చేతిలో పెట్టాడు. సుత్తి గోడ మీంచి తియ్యనైనా లేదు. గడప మీద చెయ్యి రాసి, "ఎవరు చేశారు ఈ పని? నున్నగా ఉంది" అన్నాడు. మా నాన్న అని చెప్పాను. పరాయి మనిషి అయ్యుండి నాన్న పనిని గుర్తుపట్టాడు, కన్నకొడుకువి నువ్వు స్క్రూడ్రైవర్‌తో పొడిచావు.

తుక్కుకి ఇచ్చేద్దామా? నాన్న చేతిపని ఈ లోకంలో మన దగ్గర మిగిలింది ఆ బండి ఒక్కటే. ఓడలెక్కడున్నాయో మనకి తెలియదు. అది తుక్కా?

నీ సంగతి నాకు తెలుసన్నయ్యా. పదహారేళ్ళప్పుడు నిన్ను యార్డుకి తీసుకెళ్ళి, నెల తిరక్కుండా వెనక్కి తీసుకొచ్చాడు. "వీడి చేతికి నిలకడ లేదు" అన్నాడు అమ్మతో, మనందరి ముందూ. అది నువ్వు మర్చిపోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు దాచుకుని ఆయన పోయాక ఆయన పని మీద తీర్చుకున్నావు. సిగ్గులేదూ?

నడవడానికి బూట్లు అక్కర్లేకుండా పోయిన,
డొరీన్


సండర్లాండ్,
24 ఫిబ్రవరి, గురువారం

ఒసేయ్ డొరీన్,

నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది? నలభై ఏళ్ళొచ్చాయి. లెన్ అక్కడ ఏం చేస్తున్నాడు, పెళ్ళానికి ఆ మాత్రం చెప్పలేడా? గనిలో సున్నపురాళ్ళు పగలగొడతాడు గానీ నీ మొండితనం పగలగొట్టలేడు.

విను. ఒక్కసారి నోరు మూసుకుని విను. ముందు పక్క సీటు బోల్టులు ఆ నేలకే బిగించి ఉంటాయి. ఆ నేల ఆ గడపకే అతుక్కుని ఉంటుంది. ఆ గడప లేదు. నా స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగింది. పక్క సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టకు. కుక్కని కూడా కూర్చోబెట్టకు. నువ్వు కూడా ఎక్కకు.

ఆ షెడ్డువాడి మీద పై ఆఫీసుకి రాస్తాను. లైసెన్సు ఊడబీకిస్తాను. గోడ మీంచి సుత్తి తియ్యనివాడు పరీక్ష చేసేవాడెలా అవుతాడు?

నిలకడ గురించి రాశావు. బాగుంది. ఆ నెల రోజులూ నేను మంటపెట్టి వేసిన అతుకులు నాన్న కాలితో తన్ని విరగ్గొట్టేవాడు. తన్నితే విరిగేది అతుకు కాదని నాకు నేర్పింది ఆయనే. అంతకుమించి నాన్న గురించి ఒక్క ముక్క కూడా నా చేత అనిపించకు. నీ మంచికే చెబుతున్నాను.

నీలం బండి ఇంకా అమ్ముడుపోలేదు. ఆయన్ని ఆపాను.

నార్మన్


స్టాన్‌హోప్,
3 మార్చి, గురువారం

అన్నయ్యా,

"అనిపించకు" అంటే ఏమిటి? ఏమంటావట? అను! నాన్న గురించి ఏదో మనసులో పెట్టుకుని, బెదిరింపులా రాయడం ఏమిటి? అనేదేదో ధైర్యంగా ఆయన బతికుండగా అనాల్సింది. ఆయన గదిలోకొస్తే నువ్వు కుర్చీ లోంచి లేచి నిలబడేవాడివి, నలభై దాటినా. ఇప్పుడు సమాధి మీద గడ్డి కూడా సరిగా మొలవలేదు, నీకు నోరొచ్చింది.

నీ ఉత్తరం లెన్‌కి చూపించాను. "మీ అన్న ఊరికే అనే మనిషి కాదు, ఓసారి ఇంకెవరికైనా చూపిద్దాం" అన్నాడు. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు తోడుగా నిలబడాల్సింది పోయి నీ వైపు మాట్లాడతాడా?

బండి బ్రహ్మాండంగా ఉంది. రెండు వారాలుగా ఏడిళ్ళూ తిరుగుతున్నాను. ఏ మోతా లేదు. మిసెస్ ఆపిల్‌గార్త్‌ని మంగళవారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, బిషప్ ఆక్లాండ్‌కి. అంబులెన్సు కోసం అడిగితే ఏప్రిల్‌దాకా ఖాళీ లేదన్నారు. నా బండిలోనే తీసుకెళ్తాను. ముందు సీట్లోనే. దుప్పటి కప్పి, కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సీసా పెట్టి, రాణిలా కూర్చోబెడతాను. నువ్వేం చేస్తావో చేసుకో.

ఆవిడకి నాన్నంటే ఎంత గౌరవమో. ఒకసారి ఇక్కడికొచ్చినప్పుడు ఆవిడ గేటు సరిచేశాడట. "అలాంటి పనివాళ్ళు ఇప్పుడేరమ్మా" అంటుంది. బయటివాళ్ళకున్న విలువ ఇంట్లోవాడికి లేదు.

డొరీన్


సండర్లాండ్,
10 మార్చి, గురువారం

డొరీన్,

లెన్ మంగళవారం ఫోన్ చేశాడు. నీకేం కాలేదన్నాడు. దిగుడులో మలుపు దగ్గర ముందు సీటు నేలతో సహా కిందికి కుంగిపోయిందనీ, నువ్వు బండిని గట్టుకి రాసి ఆపావనీ చెప్పాడు. ఆ ముసలావిడకి మెడ కింది ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయన్నాడు. ఆ వయసులో అతుక్కుంటాయో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారట. రెండు రోజులుగా నేను గ్యారేజీకి వెళ్ళలేదు.

ఇప్పుడు అంటాను. నువ్వే అడిగావు. చించెయ్యకుండా చివరిదాకా చదువు.

ఆ గడపల్లో వెల్డింగ్ లేదు. అంగుళం కూడా లేదు. లోపల న్యూస్‌పేపర్లు కుక్కి ఉన్నాయి. వాటి మీద కోళ్ళ గూటికి కొట్టే వల, వల మీద లప్పం, లప్పం మీద తారు. పైన చెయ్యి రాస్తే నున్నగానే ఉంటుంది. నేను జేబులో కుక్కుకున్నది నాన్న పొగాకు డబ్బా మూత. చదును చేసి చిల్లుకి అడ్డం పెట్టాడు. పేపరు మీద తేదీ 1979 సెప్టెంబరు 15, ఫుట్‌బాల్ స్కోర్ల పేజీ. ఆయన రిటైరైన ఏడు.

అంటే మూడేళ్ళూ అది అక్కడే ఉంది. నేను మూడుసార్లూ పాస్ చేశాను.

మొదటి ఏడు గుంతలో సుత్తి చేతిలోకి తీసుకున్నాను. నాన్న పైన టీ మగ్గు పట్టుకుని నిలబడ్డాడు. "ఏంట్రోయ్, అయ్యగారు మన పనిని కొట్టి చూస్తారా? నేనే అతికించాను రా వెధవా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సుత్తి మేకుకి తగిలించి సంతకం పెట్టాను. రెండో ఏడూ, మూడో ఏడూ సుత్తి తియ్యనే లేదు. ఆయన పైన నిలబడితే నాకు పదహారేళ్ళే. ఈసారి పైన నువ్వున్నావు, ఆయన లేడు, అందుకని కొట్టాను.

నాన్న ఇలాంటి పని చేశాడని నీతో ఎలా చెప్పను? పైగా నేను పాస్ చేశానని ఎలా చెప్పను? రెండో మాటకి భయపడి మొదటిది దాచానో, మొదటిదానికి భయపడి రెండోది దాచానో నాకే తెలియదు.

నువ్వు ఏమన్నా పడతాను.

నార్మన్


స్టాన్‌హోప్,
14 మార్చి, సోమవారం

నార్మన్,

పడతావా? పడు.

ఉత్తరం పొయ్యిలో పడేశాను. తర్వాత చువ్వతో బయటికి లాగాను, సగం కాలింది. అబద్ధమని రుజువు చేద్దామని ఆదివారం బండి పెట్టిన కౌన్సిల్ షెడ్డుకి పోయాను. నేల చిరిగిన చోటునుంచి న్యూస్‌పేపరు కిందికి వేలాడుతోంది, తడిసి ముద్దయి.

"న్యూస్‌పేపర్లు" అని ఒక్క మాట! ఆ శనివారం గ్యారేజీలో నా చెవిలో ఆ ఒక్క మాట ఊదితే నేను ఆ బండెక్కేదాన్నా? ఉప్పు గురించి రాశావు, బోల్టుల గురించి రాశావు, లీకు ఉల్లి గురించి ఒక పేరా రాశావు! నాకు బూట్లు వేసుకోమని చెప్పావు! ఆవిడ సీటు జారుతుంటే నా చెయ్యి పట్టుకుంది, దుప్పటిని చక్రం ఈడ్చుకుపోయింది. "డొరీన్, నేనేమైనా తప్పుగా కూర్చున్నానా?" అంది. ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. నువ్వు దాచిన మాట ఖరీదు ఆవిడ ఎముకలు.

నా తప్పు లేదా అంటావేమో. ఉంది. కుక్కని కూడా కూర్చోబెట్టకు అని రాశావు, నేను మొండికెత్తి మనిషిని కూర్చోబెట్టాను. ఆ సంగతి నువ్వు గుర్తు చెయ్యాల్సిన పనిలేదు, ప్రతి పూటా నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

పరీక్షల ఆఫీసునుంచి మిస్టర్ పికరింగ్ అని ఒకాయన వస్తాడట శుక్రవారం. షెడ్డువాణ్ణి ఇప్పటికే ఆపేశారు. అంతకుముందు ఏళ్ళ కాగితాలు చూపించమన్నాడు. బిస్కెట్ డబ్బా నా ఒళ్ళో ఉంది. ఇవి ఆయన చేతిలో పెడితే నీ లైసెన్సు పోతుంది, పాతికేళ్ళ పని పోతుంది. నాన్న పేరూ పోతుంది. ఏం చెయ్యమంటావు అని నిన్ను అడగడం లేదు. సలహా రాశావంటే ఈసారి నిజంగానే కాల్చేస్తాను.

డొరీన్


సండర్లాండ్,
18 మార్చి, శుక్రవారం

డొరీన్,

సలహా ఇవ్వడం లేదు. చేసింది చెబుతున్నాను.

నిన్న పరీక్షల ఆఫీసుకి నేనే వెళ్ళాను. మూడేళ్ళూ సుత్తి తియ్యకుండా సంతకం పెట్టానని రాసిచ్చాను. లైసెన్సు బల్ల మీద పెట్టాను. గ్యారేజీలో టైర్లు మార్చుకుంటూ ఉండమన్నారు, ఉంటాను. గడపలు ఎవరు చేశారని అడిగారు. తెలియదన్నాను. ఆ ఒక్కటీ నా నోట రాలేదు.

అక్కణ్ణుంచి క్లబ్బుకి పోయి, నాన్నతో యార్డులో చేసిన ఆల్ఫ్ టర్న్‌బుల్‌ని పట్టుకున్నాను. నాన్న అలా ఎందుకు చేశాడు, చేతకాకనా, బద్ధకమా అని అరిచాను. క్లబ్బులో అందరూ తిరిగి చూశారు. ఆల్ఫ్ గ్లాసు కింద పెట్టి, "మీకు తెలియదా?" అన్నాడు. నాన్న కళ్ళు '74లోనే బాగా మసకబారాయట. మంట చూసి చూసి. యార్డువాళ్ళు వెల్డింగు గొట్టం చేతిలోంచి తీసేసుకుని స్టోర్సులో కూర్చోబెట్టారట. చివరి అయిదేళ్ళూ ఆయన పని చేతితొడుగులు పంచడం. ఇంట్లో చెప్పొద్దని అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. పొద్దున్నే మాస్కు సంచిలో పెట్టుకుని బయల్దేరేవాడు కదా, సాయంత్రం అమ్మ దాన్ని తుడిచి పెట్టేది కదా. దాని మీద మసి లేదని అమ్మ ఎందుకు అడగలేదో. నేనెందుకు అడగలేదో.

ఆ కళ్ళతో బండి కూడా నడిపాడు. నా గ్యారేజీకే వచ్చేవాడు. స్తంభానికి రాసుకుంటే "ఈ స్తంభం ఎవడు కట్టాడ్రా ఇక్కడ" అని తిట్టేవాడు, మేం నవ్వేవాళ్ళం.

నార్మన్


స్టాన్‌హోప్,
18 మార్చి, శుక్రవారం

నార్మన్ అన్నయ్యా,

పికరింగ్ ఇప్పుడే వెళ్ళాడు. టపా కట్టేలోపల వెయ్యాలి, గబగబా రాస్తున్నాను.

నీ మీద నా కోపం తగ్గలేదు, అది వేరే లెక్క. నిన్ను తిట్టాలంటే నేను తిడతాను, బ్యాగు పట్టుకుని వచ్చిన పరాయివాడెవడు? పాత కాగితాలు దొరకడం లేదని చెప్పాను. నిజానికి పొద్దున్నే మూడూ పొయ్యిలో వేశాను. పోయిన ఫిబ్రవరిలో నువ్వు పరీక్ష చేసినప్పుడు గడపలు గట్టిగానే ఉన్నాయనీ, వేసవిలో ఎవరో ఇంటికొచ్చి మరమ్మతు చేసిపోయారనీ, వాడి పేరు నాకు తెలియదనీ చెప్పాను. నాన్న పేరు ఎత్తలేదు. అంతా రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. నీకు ఢోకా లేదు.

నువ్వు నోరు మూసుకుని ఉండు. అది నీకు బాగా వచ్చిన విద్యే కదా.

డొరీన్


స్టాన్‌హోప్,
24 మార్చి, గురువారం

అన్నయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నిన్న పికరింగ్ మళ్ళీ వచ్చాడు. వంటింటి బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచాడు, నీదీ నాదీ. ఆ పక్కన మీ గ్యారేజీలో ఉన్న మూడు నకళ్ళు. నకళ్ళు ఉంటాయని నాకెవడు చెప్పాడు? తడిసిన న్యూస్‌పేపరు ముక్క కూడా ఒక సంచిలో తెచ్చాడు, తేదీ కనపడేలా. నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ నోరు మూసుకునే ఉన్నావు, నోరు మూసుకోవాల్సిన ఒక్క రోజున తెరిచావు. చదివి నీ పేరు పెట్టి తిట్టాను, ఆయన ముందే. టోపీ సర్దుకున్నాడు పాపం.

"ఇద్దరూ ఒక్కచోట మాత్రం ఒకటే మాట చెప్పారండీ" అన్నాడు. "ఎవరు చేశారో తెలియదని. ఒకే ఇంట్లో పుట్టారు, ఒకే బండి, ఇద్దరికీ తెలియదు." గొంతులో వెటకారం లేదు.

మా నాన్న చేశాడండీ అన్నాను. ఆయనకి కళ్ళు సరిగా కనపడేవి కావు, మాకు చెప్పలేదు అన్నాను. మీరు అడగలేదా అన్నాడు. మా ఇంట్లో నాన్నని ఎవరూ ఏమీ అడగరండీ అన్నాను. అలాగే రాసుకున్నాడు. నా అబద్ధానికి హెచ్చరిక రాసి వదిలేశాడు.

ఆయన వెళ్ళాక లెన్ వద్దంటున్నా వినకుండా నాన్న ఫొటో దింపి దానితో పోట్లాడాను. అయిదేళ్ళు చేతితొడుగులు పంచితే ఏం పోయింది? మేం నవ్వేవాళ్ళమా? కుర్రవాడి అతుకుల్ని కాలితో తన్నిన మనిషి, పొగాకు డబ్బా మూత పెట్టి దాని మీద కూతుర్ని కూర్చోబెడతాడా? ఆయనకి కళ్ళు పోయాయని నాకు ఏడుపొస్తుంది. ఏడుపు మధ్యలో మళ్ళీ ఒళ్ళు మండుతుంది. బతికున్నవాడైతే ఒక మాట అని, ఒక మాట పడేదాన్ని. ఈ కోపం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఇన్నాళ్ళూ నీ మీద పెట్టాను, అక్కడ పెట్టడం తేలిక.

ఆదివారం నువ్వు ఆసుపత్రికి రావాలి. ఎముకలు అతుక్కుంటున్నాయన్నారు, మూడింటినుంచి నాలుగింటిదాకా చూడనిస్తారు. మిసెస్ ఆపిల్‌గార్త్‌కి ఇంకా చెప్పలేదు. ఇన్‌స్పెక్టరుకి చెప్పగలిగాను గానీ ఆవిడ ముందు మూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. ఈసారి ఇద్దరం కలిసి చెబుదాం, నువ్వు మొదలుపెట్టు. నేను వెళ్ళినప్పుడల్లా బాగున్న చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంటుంది. పక్క మంచాలవాళ్ళందరికీ వినపడేలా ఒకే మాట చెబుతోంది. "మీ నాన్న చేసిన బండి కాబట్టే, అమ్మా, మనం ప్రాణాలతో బయటపడ్డాం."

డొరీన్